రాజీపత్రం లేని రాజీ: న్యాయమూర్తుల నియామకాలపై నాయకుల మౌనం, జస్టిస్ చలమేశ్వర్ భిన్నాభిప్రాయ తీర్పు

వ్యాససంగ్రహం: ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తుల నియామక విధానాన్ని మారుస్తూ 2014లో పార్లమెంటు చేసిన రాజ్యాంగ సవరణకు ఉభయసభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. 2015లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేశాక, అనుకూలంగా ఓటేసిన పార్టీలేవీ దానిని తిరిగి చేపట్టలేదు. ఈ రెండు మౌనాలను 'రాజీ' అనే పదం ఆధారంగా చదువుతూ, ఆ కేసులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్ రాసిన భిన్నాభిప్రాయాన్ని ఒక పాఠ్యంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాజీ, రాజీనామా, ఏకగ్రీవం, సిఫారసు, కొలీజియం, భిన్నాభిప్రాయం, తెలుగు రాజకీయ భాష.

1. ప్రవేశిక

హైదరాబాదు ఉత్తర శివార్లలో, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన ఈ సంస్థకు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కులపతి. దాని చిరునామాలో 'జస్టిస్ సిటీ' అన్న మాట ఉంటుంది. అక్కడికి పడమరగా, నాగపూర్ రహదారి మీద మేడ్చల్ ఉంది. అక్కడి కోర్టులో లోక్ అదాలత్ జరిగే రోజున చుట్టుపక్కల ఊళ్ల కక్షిదారులు వచ్చి, భూమి తగాదాల్లోనో చెక్కు కేసుల్లోనో రాజీపడి, కాగితం మీద సంతకాలు చేసి వెళతారు. రాజ్యాంగాన్ని చదివే చోటు ఒకటి, చట్టం సామాన్యుడికి ఎదురుపడే చోటు మరొకటి. ఈ రెంటినీ కలిపే మెట్ల వరుసలో పై మెట్టు మీద కూర్చునే న్యాయమూర్తులను ఎవరు, ఏ పద్ధతిలో, ఏ కారణాలతో ఎన్నుకుంటున్నారు అన్న ప్రశ్న మాత్రం ఈ ప్రాంతంలో ఏ ఎన్నికల సభలోనూ వినిపించదు.

నియామక విధానం గురించి న్యాయశాస్త్ర పండితులు చాలా రాశారు. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇందులో పనేమిటని ప్రశ్న రావచ్చు. ఈ వివాదం మొదటి నుంచీ ఒక పదం అర్థం చుట్టూ తిరిగినదే. రాజ్యాంగంలోని 124(2), 217(1) అధికరణాల ప్రకారం రాష్ట్రపతి న్యాయమూర్తులను 'సంప్రదించి' నియమించాలి. సంప్రదించడమంటే అడిగి తెలుసుకోవడమా, ఒప్పించడమా? 1981 డిసెంబరు 30న ఎస్.పి. గుప్తా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సంప్రదింపు వేరు, సమ్మతి వేరు అన్నది. 1993 అక్టోబరు 6న తొమ్మిదిమంది ధర్మాసనంలోని మెజారిటీ అదే మాటకు న్యాయవ్యవస్థ అభిప్రాయానికి ప్రాధాన్యం ఉండాలన్న అర్థం చెప్పింది. 1998 అక్టోబరు 28న, రాష్ట్రపతి పంపిన ప్రశ్నలకు జవాబిస్తూ, ప్రధాన న్యాయమూర్తికి మరో నలుగురు సీనియర్లను చేర్చి కొలీజియానికి నేటి రూపం ఇచ్చింది. పాఠం మారలేదు, వ్యాఖ్యానం మారింది. 'కొలీజియం' అన్న పదం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మూలంలో లేని పదం మూలం కన్నా బలంగా నిలబడడం వ్యాఖ్యాన సంప్రదాయాలు చదివినవారికి కొత్త విషయం కాదు.

రాజ్యాంగ సభలో 1949 మే 24న ఇదే చర్చ జరిగింది. ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి చేయాలన్న సవరణను పోకర్ సాహిబ్ ప్రతిపాదించగా అంబేద్కర్ తిరస్కరించారు. కార్యనిర్వాహక వర్గానికి పూర్తి అధికారం ఇవ్వడం ప్రమాదం, చట్టసభ ఆమోదానికి వదలడమూ ప్రమాదం, ప్రధాన న్యాయమూర్తి ఎంత గొప్పవాడైనా మనిషే గనుక ఆయనకు నిరోధాధికారం ఇవ్వడం కూడా ప్రమాదం అన్నది ఆయన వాదం. మూడు అవిశ్వాసాల నడుమ ఆయన ఎంచుకున్న మధ్యమార్గమే 'సంప్రదింపు'. అదీ ఒక రకమైన రాజీయే. అయితే సభలో, కారణాలు చెప్పి, ప్రతివాదికి జవాబిచ్చి, ముద్రిత ప్రతిలో చేరేటట్టు చేసిన రాజీ. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే రాజీలతో పోల్చడానికి దీనిని గుర్తుంచుకోవాలి.

2. రాజీ, రాజీనామా, సిఫారసు, ఏకగ్రీవం

'రాజీ' అరబ్బీ మూలం నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన పదం. మూలార్థం తృప్తి చెందినవాడు, ఒప్పుకున్నవాడు. 'నామా' అంటే పత్రం. కాబట్టి రాజీనామా అంటే పదార్థాన్ని బట్టి ఒప్పుదల పత్రం. రైత్వారీ రోజుల్లో రైతు భూమిని వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అన్నారు. అక్కడి నుంచే ఉద్యోగాన్ని, పదవిని వదులుకోవడం అనే నేటి అర్థం బలపడింది. డిగ్రీ తరగతిలో అన్యదేశ్యాల పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు ఈ పదం వింతగా తోస్తుంది. వారికి తెలిసిన వాడుకలో రాజీపడినవాడు పదవిలో ఉంటాడు, రాజీపడనివాడు రాజీనామా చేస్తాడు. రెంటికీ ఒకే ధాతువు ఎలా వచ్చిందని అడుగుతారు.

కోర్టు భాషలో ఇప్పటికీ రాజీకి పాత గౌరవం మిగిలి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3వ రూలు ప్రకారం కక్షిదారుల మధ్య రాజీ లిఖితపూర్వకంగా ఉండాలి, ఇరువర్గాలూ సంతకం చేయాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో జరిగిన రాజీ డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. మేడ్చల్ కోర్టుకు వచ్చే చిన్న రైతు ఎవరితో, దేనికి, ఎంతకు ఒప్పుకున్నాడో కాగితం మీద ఉంటుంది. రాజకీయ భాషలోని రాజీకి ఆ కాగితం ఉండదు. ఈ తేడాయే ఈ వ్యాసానికి ఆధారం.

'సిఫారసు' కథ ఇంకా ఆసక్తికరం. కొలీజియం ఫలానావారి పేరును సిఫారసు చేసింది అని పత్రికలు రాస్తాయి. అదే పదాన్ని ఊళ్లో వాడితే ఎమ్మెల్యే ఉత్తరమో, బంధువు మాటసాయమో గుర్తుకొస్తుంది. రాజ్యాంగ ప్రక్రియకూ పైరవీకీ తెలుగులో ఒకే మాట ఉండడం యాదృచ్ఛికమే అయినా, బయటివాడి చెవికి రెండూ ఒకేలా వినిపించడంలో అన్యాయమేమీ లేదు. రెంటిలోనూ కారణం బయటికి చెప్పరు.

ఇక 'ఏకగ్రీవం'. గ్రీవమంటే మెడ. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏకగ్రీవాల ముచ్చట వస్తుంది. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహక నిధులు కూడా ప్రకటిస్తుంది. అన్ని తలలకూ ఒకే మెడ ఎలా మొలిచిందో ఊరివాళ్లకు తెలుసు. ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరికి ఏమి ఒప్పజెప్పారు అన్నది రచ్చబండ దగ్గర అందరికీ తెలిసినా రికార్డులో ఉండదు. ఏకగ్రీవాన్ని ప్రజాస్వామ్య సౌందర్యంగా వర్ణించే వార్తా రచనను మనం ఎన్నడూ విమర్శకు పెట్టలేదు. ఢిల్లీలో 2014 ఆగస్టులో జరిగినది ఈ పల్లె పదంతో చదివితేనే సరిగా అర్థమవుతుంది.

3. వ్యతిరేక ఓటు లేని ఆగస్టు

నియామకాలకు ఒక కమిషన్ ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1990లో 67వ సవరణ బిల్లు వచ్చింది, మురిగిపోయింది. 2003లో 98వ సవరణ బిల్లు వచ్చింది, సభ రద్దుతో పోయింది. 2013 సెప్టెంబరు 5న యూపీఏ ప్రభుత్వం తెచ్చిన 120వ సవరణ బిల్లును రాజ్యసభ 131-1తో ఆమోదించింది. ఆ ఒక్క వ్యతిరేక ఓటు రామ్ జెఠ్మలానీది. బిల్లును స్థాయీసంఘానికి పంపాలంటూ భారతీయ జనతాపార్టీ సభ నుంచి నిష్క్రమించింది. సరిగ్గా ఏడాది తిరగకముందే అదే పార్టీ అధికారంలోకి వచ్చి, 2014 ఆగస్టు 11న లోక్‌సభలో 121వ సవరణ బిల్లును ప్రవేశపెట్టింది. 13న లోక్‌సభ 367-0తో, 14న రాజ్యసభ 179-0తో ఆమోదించాయి. రాజ్యసభలో జెఠ్మలానీ ఈసారి ఓటింగుకు దూరంగా ఉన్నారు. స్థాయీసంఘం ఊసు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజుల్లో నేపథ్యం ఏమిటో మరువరాదు. 2014 జులైలో జస్టిస్ మార్కండేయ కట్జూ ఒక ఆరోపణ చేశారు. మద్రాసు హైకోర్టులోని ఒక అదనపు న్యాయమూర్తిని కొనసాగించాలని యూపీఏ భాగస్వామి అయిన తమిళ పార్టీ ఒత్తిడి తెచ్చిందని, కేంద్రమూ కొలీజియమూ దానికి లొంగాయని ఆయన అన్నారు. ఆరోపణ నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ వారంలో పార్లమెంటులో జరిగిన గొడవ సంకీర్ణ రాజకీయం న్యాయ నియామకాల దాకా వెళ్లగలదన్న అనుమానాన్ని సామాన్య పాఠకుడి ముందుకు తెచ్చింది. ఆ అనుమానాన్ని విచారించవలసిన సభ విచారించలేదు. నెల తిరగకుండా సవరణ చేసి చేతులు కడుక్కుంది.

సవరణలోని బేరం చూడదగినది. కమిషన్‌లో ఆరుగురు. ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు, కేంద్ర న్యాయశాఖ మంత్రి, ఇద్దరు 'ప్రముఖ వ్యక్తులు'. ఆ ఇద్దరిని ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి, ప్రతిపక్ష నాయకుడు కలిసి ఎంపిక చేస్తారు. లోక్‌సభలో 44 స్థానాలకు తగ్గిన కాంగ్రెసుకు ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కలేదు. కాబట్టి హోదా లేకపోతే అతిపెద్ద ప్రతిపక్ష పార్టీ నాయకుడు అన్న మాట చేర్చారు. కమిషన్‌లో ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతుంది. రాష్ట్రపతి ఒక పేరును పునఃపరిశీలనకు తిప్పిపంపితే, కమిషన్ దానిని మళ్లీ 'ఏకాభిప్రాయంతో' పంపాలన్న షరతు బిల్లులో ఉండేది. కాంగ్రెసు అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం ఆ షరతును తొలగించింది. ఏకాభిప్రాయం అక్కరలేదన్న విషయం మీద ఏకాభిప్రాయం కుదిరిందన్నమాట. ఇక 'ప్రముఖ వ్యక్తి' అంటే ఎవరు? అర్హత ఏమిటి? ఏ రంగం? ఇద్దరిలో ఒకరు షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలు లేదా మహిళల నుంచి ఉండాలన్న నియమం తప్ప చట్టం మరేమీ చెప్పలేదు. ఎవరి మనిషి అవుతాడో తెలియనప్పుడు నిర్వచనం లేకపోవడమే రెండు పక్షాలకూ సౌకర్యం. రాజీలో భాష మసకబారడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఈ సభలో తెలుగు పార్టీల బలం తక్కువేమీ కాదు. 2014 ఎన్నికల్లో తెలుగుదేశం 16, తెలంగాణ రాష్ట్ర సమితి 11, వైఎస్ఆర్ కాంగ్రెసు 9 స్థానాలు గెలిచాయి. రాష్ట్ర విభజన జరిగి అప్పటికి రెండు నెలలు. ఉమ్మడి హైకోర్టు ఎప్పుడు విడిపోతుంది, ఏ న్యాయమూర్తి ఎటు వెళతాడు అన్నది అప్పుడే నలుగుతున్న ప్రశ్న. నియామక విధానమే మారుతున్న వేళ ఈ పార్టీల సభ్యుల్లో ఒక్కరి ఓటైనా వ్యతిరేక పట్టికలో లేదు. అనుకూలంగా ఉండడం తప్పని ఇక్కడ అనడం లేదు. కమిషన్‌ను సమర్థించడానికి బలమైన కారణాలున్నాయి. ఆ కారణాలను తమ ఓటర్లకు తెలుగులో చెప్పే బాధ్యతను మూడు పార్టీల్లో ఒక్కటీ తీసుకోకపోవడమే ఆక్షేపణీయం.

4. భిన్నాభిప్రాయ తీర్పు: పాఠ్యపరిశీలన

2015 అక్టోబరు 16న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-1తో 99వ రాజ్యాంగ సవరణ చట్టాన్ని కొట్టివేసింది. (బిల్లుగా 121వది, చట్టమయ్యాక 99వది అయింది. ఈ సంఖ్యల మార్పు మన పోటీపరీక్షల పుస్తకాల్లో తరచు తారుమారవుతోంది.) జస్టిస్ జె.ఎస్. ఖేహర్, జస్టిస్ మదన్ బి. లోకుర్, జస్టిస్ కురియన్ జోసెఫ్, జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్ ఒకవైపు. కృష్ణాజిల్లా మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒక్కరే మరొకవైపు. అన్ని తీర్పులూ కలిపి వెయ్యికి పైగా పుటలు.

ఈ భిన్నాభిప్రాయంలోని వాదక్రమాన్ని విడదీసి చూస్తే మూడు కదలికలు కనిపిస్తాయి. మొదటిది, పదవిభజన. న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమే. కాని నియామకాల్లో న్యాయమూర్తుల మాటే చెల్లాలన్నది ఆ మౌలిక స్వరూపం కాదు. ప్రభుత్వానికి నిరంకుశాధికారం ఇవ్వకపోవడమే మౌలికం. స్వాతంత్ర్యం, ప్రాధాన్యం అనే రెండు పదాలను మెజారిటీ ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడుతున్నదని ఆయన పట్టుకున్నారు. రెండవది, అనుభవ నిరూపణ. కొలీజియం నిర్ణయాలకు సంబంధించిన కాగితాలు ప్రజలకే కాదు, ప్రధాన న్యాయమూర్తి పదవికి చేరలేని సాటి సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు కూడా అందవని ఆయన రాశారు. ధర్మాసనం మీద కూర్చున్న వ్యక్తి తన సంస్థ గురించి ఈ మాట అనడంలో ఉన్న బరువు వేరు. మూడవది, ప్రజాస్వామ్య వాదం. ఎన్నికైన ప్రభుత్వాన్ని నియామకాల నుంచి పూర్తిగా వెలివేయడం రాజ్యాంగంలోని పరస్పర నియంత్రణ సూత్రానికే విరుద్ధం అన్నారు.

2011 నవంబరులో జస్టిస్ రుమా పాల్ తార్కుండే స్మారకోపన్యాసంలో, కొలీజియంలోని ఏకాభిప్రాయం ఒక్కోసారి ఇచ్చిపుచ్చుకోవడంగా తేలుతుందని, దాని ఫలితాలు దారుణంగా ఉంటాయని హెచ్చరించారు. ఆ మాట న్యాయమూర్తుల మధ్య జరిగే రాజీ గురించి. పార్టీ నాయకుల మధ్య జరిగే రాజీకీ దానికీ స్వభావంలో తేడా లేదు. నీ పేరుకు నేను అడ్డురాను, నా పేరుకు నువ్వు అడ్డురావద్దు. చలమేశ్వర్ తీర్పు ఈ మొదటి రాజీని బట్టబయలు చేయడంలో సాటిలేనిది. మెజారిటీలో ఉన్న కురియన్ జోసెఫ్ కూడా వ్యవస్థకు గ్లాస్‌నోస్త్, పెరెస్త్రోయికాలు కావాలని ఒప్పుకున్నారంటే ఆ భాగానికి జవాబు లేదనే అర్థం.

రెండవ రాజీ విషయంలో మాత్రం ఈ పాఠ్యం కన్ను మూసుకున్నది. సవరణ మొత్తాన్ని, ప్రముఖ వ్యక్తుల నిబంధనతో సహా, ఆయన సమర్థించారు. ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు పరస్పరం కాపలా కాస్తారన్న నమ్మకం మీదనే ఆ నిబంధన నిలబడుతుంది. ఆ ఇద్దరి పార్టీలే 2014 ఆగస్టులో నాలుగు రోజుల్లో బేరం ముగించుకున్నాయన్న వాస్తవం ఆ నమ్మకాన్ని కదిలించవలసింది. కదిలించలేదు. కొలీజియంలోని మనుషులను అనుభవంతో తూచిన రచయిత, పార్లమెంటులోని మనుషులను సిద్ధాంతంతో తూచాడు. ఒకే తక్కెడ వాడలేదు. ఈ తీర్పును మెచ్చుకునే వ్యాసాలలో ఈ అసమానతను ఎత్తిచూపకపోవడం లోపమే. అలాగని మెజారిటీ తీర్పు గెలిచినట్టు కాదు. అది పార్లమెంటును అనుభవంతో, కొలీజియాన్ని ఆదర్శంతో తూచింది. తలకిందులైన అదే దోషం.

అయినా శిల్పపరంగా చలమేశ్వర్ పాఠ్యానికే ఎక్కువ ఆయుష్షు ఉంటుందనిపిస్తుంది. మెజారిటీ తీర్పులు తలుపు మూసి తాళం వేసే భాషలో ఉన్నాయి. ఈయన చివర్లో, నిలుపుకోవాలంటే సంస్కరించుకోక తప్పదన్న అర్థంలో మెకాలే మాటను తలచుకొని, ఆ తలపు సరైనదో కాదో భవిష్యత్తుకు వదిలారు. తెలుగు పాఠకుడికి మెకాలే ప్రస్తావన కొంత ఇబ్బంది కలిగించవచ్చు. మన భాషాచరిత్రలో ఆ పేరుకు వేరే లెక్క ఉంది. కాని ఓడిపోయిన వాదాన్ని సంశయంతో ముగించే నిగ్రహం మన న్యాయ వాఙ్మయంలో అరుదు.

తీర్పు తర్వాత ఆయన చేసినవి పాఠ్యానికి అనుబంధాలుగా చదవాలి. 2016 సెప్టెంబరులో, చర్చలను లిఖితపూర్వకంగా నమోదు చేయని కొలీజియం సమావేశాలకు రానన్నారు. 2017 అక్టోబరు 3న కొలీజియం తన తీర్మానాలను వెబ్‌సైటులో పెట్టాలని నిర్ణయించింది. 2018 జనవరి 12న మరో ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి ఆయన పత్రికల ముందుకు వచ్చారు. ఆ ముగ్గురిలో లోకుర్, కురియన్ జోసెఫ్ ఉన్నారు. 2015లో ఎదురుగా నిలిచినవారు. 2018 జూన్ 22న పదవీ విరమణ చేశారు. మెజారిటీ లేని మనిషి రికార్డు కావాలని పట్టుబట్టడం వల్ల ఆ మాత్రం తలుపు తెరుచుకుంది. మెజారిటీ ఉన్న పార్టీలు దానిలో సగం పట్టుదలైనా చూపలేదు. 2015 డిసెంబరులో అదే ధర్మాసనం నియామక విధాన పత్రాన్ని సవరించమని ప్రభుత్వానికి చెప్పింది. ఏళ్లు గడిచినా అది ఉత్తరప్రత్యుత్తరాల దశ దాటలేదు. 2022 డిసెంబరు 7న ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ రాజ్యసభలో, పార్లమెంటు చేసిన సవరణను కోర్టు కొట్టివేసినా సభ పట్టించుకోలేదని బాధపడ్డారు. బాధ సమంజసమే. సభలో మెజారిటీ ఎవరిదన్న ప్రశ్న ఆ ప్రసంగంలో రాలేదు.

5. తెలుగు నాయకత్వం: భవనం, పంపిణీ, అభిమానం

తెలుగు నాయకులు న్యాయవ్యవస్థ గురించి మాట్లాడలేదని చెప్పడం నిజం కాదు. చాలా మాట్లాడారు. ఏమి మాట్లాడారన్నదే చూడాలి.

2016 జూన్‌లో కింది కోర్టుల న్యాయాధికారులను రెండు రాష్ట్రాలకు పంచిన తాత్కాలిక జాబితా మీద తెలంగాణలో ఉద్యమం లేచింది. ఆంధ్ర మూలాలున్నవారిని తెలంగాణకు ఎక్కువగా కేటాయించారన్నది ఆక్షేపణ. హైకోర్టు పదకొండు మంది న్యాయాధికారులను సస్పెండ్ చేసింది. రెండు వందల మంది దాకా సామూహిక సెలవు పెట్టారు. న్యాయమూర్తులే రోడ్డెక్కిన ఆ రోజులు ఈ ప్రాంత ప్రజల స్మృతిలో ఇంకా ఉన్నాయి. ఆ ఆవేదనలో న్యాయముంది. పదోన్నతులు, పుట్టిన ప్రాంతం, బతుకుతెరువు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. అయితే నాయకులు దానిని హైకోర్టు విభజన అనే ఒకే డిమాండుగా కుదించారు. విభజన 2019 జనవరి 1న జరిగింది. జాబితాలు ఏ సూత్రం మీద తయారవుతాయి, ఎవరికి జవాబుదారీ అన్న మూల ప్రశ్న విభజనతో పాటే మాయమైంది. తెలంగాణ హైకోర్టు మంజూరు పదవులు 2021 జూన్‌లో 24 నుంచి 42కు పెరిగాయి. దానిని అందరూ స్వాగతించారు. పదవులు ఎన్ని అన్నది లెక్క. వాటిలో ఎవరు అన్నది విధానం. మనవారి ఆసక్తి లెక్క దగ్గర ఆగింది.

2022 నవంబరులో జస్టిస్ ఎ. అభిషేక్ రెడ్డిని పాట్నాకు బదిలీ చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు తెలంగాణ హైకోర్టు న్యాయవాదులు విధులు బహిష్కరించి కారణం చెప్పమన్నారు. 'మెరుగైన న్యాయపాలన' అన్న అలవాటైన పదబంధం తప్ప వేరే కారణం బయటికి రాలేదు. ఈ పదబంధాన్ని శైలీశాస్త్ర దృష్టితో చూడాలి. ఏ బదిలీకైనా సరిపోయే వాక్యం దేనికీ కారణం కాదు. రాజీ భాష లక్షణమే అది. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ చెప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో నాటి ముఖ్యమంత్రి భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి బహిరంగపరచారు. దేశమంతా చర్చించింది. ఫిర్యాదును అంతర్గత విధానంలో పరిశీలించి తోసిపుచ్చినట్టు 2021 మార్చిలో సుప్రీంకోర్టు తెలిపింది. పరిశీలన వివరాలు గోప్యం. ఇక్కడ కూడా నాయకుడి అభ్యంతరం తీర్పుల మీద, కేసులు ఎవరి ముందుకు వెళుతున్నాయన్న దాని మీద. మనుషులను ఎన్నుకునే పద్ధతి మీద కాదు. తీర్పు నచ్చనప్పుడు న్యాయమూర్తి గుర్తుకొస్తాడు, నియామకం జరిగేటప్పుడు గుర్తుకురాడు.

సామాజిక న్యాయం గురించి రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలు అలుపెరుగక మాట్లాడతాయి. 2018 తర్వాత నియమితులైన హైకోర్టు న్యాయమూర్తుల్లో డెబ్బై శాతానికి పైగా సాధారణ వర్గాలవారేనని కేంద్ర న్యాయశాఖ పార్లమెంటుకిచ్చిన సమాధానాలే చెబుతున్నాయి. కొట్టివేతకు గురైన సవరణలో ప్రముఖ వ్యక్తి స్థానం ఒక్కటైనా వెనుకబడిన వర్గాలకో మహిళలకో ఉండేది. ఆ ఒక్క అంశం కోసమైనా, వేరే రూపంలోనైనా, ఒక ప్రత్యేక బిల్లును తయారుచేసి ప్రజల ముందు పెట్టిన తెలుగు పార్టీ లేదు. మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి న్యాయవాద వృత్తిలోకి వెళ్లాలనుకునే మొదటి తరం విద్యార్థికి ఈ లోటు వట్టి సిద్ధాంత చర్చ కాదు. పేరు పరిశీలనకు రావాలంటే ముందు ఎవరి కంట పడాలో అతనికి తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు.

ఇటీవలి ఒక సందర్భం నేరుగా నియామకానికి చెందకపోయినా చెప్పుకోదగినది. 2025 ఆగస్టు 19న 'ఇండియా' కూటమి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిని ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా ప్రకటించింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తెలుగు పార్టీలన్నీ తెలుగువాడికి ఓటెయ్యాలని కోరారు. 1991లో నంద్యాలలో పి.వి. నరసింహారావు మీద ఎన్.టి. రామారావు పోటీ పెట్టని సంగతిని గుర్తుచేశారు. తెలుగుదేశం, జనసేన, వైఎస్ఆర్ కాంగ్రెసు అధికార కూటమి అభ్యర్థికే మద్దతిచ్చాయి. భారత రాష్ట్ర సమితి రైతుల యూరియా కష్టాలను కారణంగా చెప్పి ఓటింగుకు దూరంగా ఉంది. సెప్టెంబరు 9న ఫలితం 452-300. ఒక న్యాయమూర్తిని రాజకీయ పదవికి నిలబెట్టినప్పుడు చదవవలసింది ఆయన తీర్పులను. 2011 జులై 5 నాటి సల్వాజుడుం తీర్పును కేంద్ర హోంమంత్రి తప్పుపట్టారు, కొందరు విశ్రాంత న్యాయమూర్తులు దానికి బదులిచ్చారు. తెలుగు నేల మీద మాత్రం ఆ చర్చ మాతృభాష, పొత్తులు, యూరియా దగ్గరే తిరిగింది. తీర్పు తెలుగులోకి రాలేదు. చదవనిదాన్ని సమర్థించడం, చదవనిదాన్ని వదిలేయడం రెండూ సులువే.

దీనికి ముందు 1967లో ఒక తెలుగు న్యాయమూర్తి ఇలాగే ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా నిలిచారు. గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన రెండు నెలలలోపే, ఏప్రిల్ 11న, భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి కోకా సుబ్బారావు రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్‌తో పోటీపడ్డారు. ఓడిపోయారు. ఆ నిర్ణయం న్యాయపీఠం గౌరవాన్ని తగ్గించిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ విమర్శతో నాకు చాలావరకు ఏకీభావమే. అయినా అక్కడ ఒక రాజీనామా ఉంది. తేదీతో, సంతకంతో, ఎందుకు వదిలాడో అందరికీ తెలిసేటట్టు. 2014 ఆగస్టు 13న ఓటు వేసిన తెలుగు సభ్యుల్లో ఎవరు ఎందుకు వేశారో, 2015 అక్టోబరు 16 తర్వాత ఎందుకు ఊరుకున్నారో తెలుసుకుందామంటే ఏ కాగితం దగ్గరికి వెళ్లాలో ఈ పరిశోధకుడికి తెలియడం లేదు.